ఎర్ర సిలువ గుర్తు ఎవరి సొత్తు?

2008 జూన్ 17న అమెరికాలో ఒక దావా చడీచప్పుడు లేకుండా రాజీ అయింది. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ, అమెరికన్ రెడ్‌క్రాస్ సంస్థ తమ మధ్య తగాదా తీరిపోయిందని ప్రకటించాయి. తెల్లని నేపథ్యం మీద ఎర్ర సిలువ గుర్తును ఇద్దరూ ఆ తరువాత కూడా వాడుకుంటామన్నారు. ఏ షరతుల మీద రాజీ పడ్డారో మాత్రం బయటపెట్టలేదు. దానికి పది నెలల ముందు, అంటే 2007 ఆగస్టు 8న, ఆ కంపెనీ ఈ సేవాసంస్థను న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకు లాగినప్పుడు ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. పసిపిల్లల పౌడరు అమ్మే కంపెనీ ఏమిటి, వరదల్లో దుప్పట్లు పంచే సంస్థ మీద కేసు వేయడమేమిటి అన్నారు అందరూ. మాకూ మొదట అలాగే అనిపించింది. కాగితాలు కొంచెం వెనక్కి తిప్పి చూశాక మాత్రం సంగతి అంత సులువుగా తేలేది కాదని అర్థమైంది.

ముందుగా కంపెనీ పక్షం వినాలి. జాన్సన్ అండ్ జాన్సన్ 1886లో న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో మొదలైంది. శస్త్రచికిత్సలో క్రిములను చంపాలన్న జోసెఫ్ లిస్టర్ బోధను నమ్మి, శుద్ధిచేసిన దూదీ కట్టుగుడ్డలూ పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మిన మొదటివారిలో వీరు ఉన్నారు. మరుసటి ఏడు, 1887లో, ఆ సరుకు మీద ఎర్ర సిలువ గుర్తు వేయడం మొదలుపెట్టారు. రైలు మార్గాలు వేసే కూలీల కోసం ప్రథమ చికిత్స పెట్టెలు చేసి అమ్మినదీ వీరే. అమెరికన్ రెడ్‌క్రాస్‌ను క్లారా బార్టన్ 1881లో స్థాపించారు. కానీ ఆ సంస్థకు అమెరికా కాంగ్రెస్ చార్టర్ ఇచ్చింది 1900లో. అంటే గుర్తు మీద ఆ సంస్థకు చట్టబద్ధమైన పట్టు చిక్కేనాటికే కంపెనీ దాన్ని పదమూడేళ్లుగా వాడుతోంది.

పైగా 1895లో క్లారా బార్టన్ స్వయంగా ఈ కంపెనీతో ఒక ఒప్పందం చేసుకున్నారు. రసాయన, శస్త్రచికిత్స, ఔషధ సరుకుల మీద ఎర్ర సిలువను ట్రేడ్‌మార్కుగా వాడుకునే హక్కు కంపెనీదేనని అందులో ఒప్పుకున్నారు. యుద్ధభూముల్లో క్షతగాత్రులకు సేవచేసి పేరుపొందిన ఆ మహాతల్లి ఇచ్చిన మాట అది. కంపెనీ ఆ కాగితాన్ని వందేళ్లకు పైగా దాచుకుంది. తరువాత 1905లో రెడ్‌క్రాస్‌కు కొత్త చార్టర్ వచ్చింది. ఆ ఏడాది జనవరి 5కు ముందునుంచీ గుర్తును వాడుతున్నవారు వాడుకోవచ్చుననీ, కొత్తవారు వాడకూడదనీ 1910లో చట్టం గీత గీసింది. జాన్సన్ అండ్ జాన్సన్ ఆ గీతకు లోపలే ఉంది. ఆ తరువాత వందేళ్లు ఇద్దరూ పక్కపక్కనే బతికారు. ఒకరు సరుకు అమ్మారు, ఒకరు సేవ చేశారు. విపత్తులు వచ్చినప్పుడు కంపెనీ విరాళాలు కూడా ఇచ్చింది.

మరి తగవు ఎక్కడ పుట్టింది? 2004 నుంచి రెడ్‌క్రాస్ తన పేరునూ గుర్తునూ కొన్ని ప్రైవేటు కంపెనీలకు లైసెన్సు మీద ఇవ్వసాగింది. ఆ కంపెనీలు ప్రథమ చికిత్స పెట్టెలూ, విపత్తు సమయంలో పనికొచ్చే సామాను సంచులూ తయారుచేసి పెద్ద పెద్ద దుకాణాల్లో అమ్మాయి. అక్కడితో ఆగలేదు. పిల్లల గోళ్లు కత్తిరించే కత్తెరలు, దువ్వెనలు, టూత్‌బ్రష్‌లు, చేతులు శుభ్రం చేసుకునే ద్రవం దాకా వెళ్లాయి. అమ్మకంలో కొంత భాగం సంస్థకు వస్తుంది. ఇప్పుడు ఒకే దుకాణంలో ఒకే అరలో ఎర్ర సిలువ గుర్తున్న పెట్టెలు రెండు కనిపించసాగాయి. ఒకటి జాన్సన్ అండ్ జాన్సన్‌ది, ఒకటి రెడ్‌క్రాస్‌ది. కొనే తల్లి చేయి ఏ పెట్టె మీదికి పోతుందో ఊహించడం కష్టం కాదు. సేవకు చిహ్నంగా గుర్తును వాడుకుంటే మాకు అభ్యంతరం లేదు, మా వ్యాపారంలోకి వచ్చి మాతోనే పోటీపడితే ఊరుకోం అన్నది కంపెనీ వాదన.

ఇంతవరకూ ఆ వాదనలో తప్పుపట్టవలసింది మాకు పెద్దగా కనబడదు. మాట అంటే మాటే. ఇచ్చినవారు పోయారనీ, పుచ్చుకున్నవారు ధనవంతులయ్యారనీ మాట చెల్లకుండా పోదు. ధర్మం కోసం కదా అని గట్టు జరుపుకునే అధికారం ధర్మసంస్థకు కూడా లేదు.

కానీ కంపెనీ కోర్టులో అడిగినవి చూడండి. అమ్మకాలు ఆపించాలి. ఉన్న సరుకును నాశనం చేయడానికి అప్పగించాలి. వచ్చిన సొమ్ము తమకు ఇప్పించాలి. దండనగా అదనపు నష్టపరిహారం, లాయర్ల ఫీజులు కూడా ఇప్పించాలి. వీటన్నిటికీ మించి, గుర్తును అక్రమంగా వాడేవారిని శిక్షించడానికి ఉన్న క్రిమినల్ చట్టాన్నే రెడ్‌క్రాస్ ఉల్లంఘించిందని ఆరోపించారు. ఆ చట్టం పుట్టిందే రెడ్‌క్రాస్ గుర్తును కాపాడటానికి. ఇంటి యజమానిని ఇంట్లో చొరబడ్డాడని పట్టించినట్టుంది ఇది. అంతకుముందు ఏడాది, అంటే 2006లో, ఈ కంపెనీ అమ్మకాలు 5,330 కోట్ల డాలర్లు. అంత పెద్ద కంపెనీకి దువ్వెనల వల్ల ఏ లోటు వచ్చిందని జనం అడిగారంటే తప్పేముంది? అప్పటి రెడ్‌క్రాస్ అధ్యక్షుడు మార్క్ ఎవర్సన్ ఈ కేసును సిగ్గుమాలిన పని అని కటువుగానే నిందించాడు. వ్యాపారాల్లో మంచిపేరు సంపాదించడానికి పట్టే కాలం ఎంతో, పోగొట్టుకోవడానికి పట్టే కాలం ఎంతో ఆ కంపెనీకి తెలియనిది కాదు. వందేళ్ల కిందటి గుర్తును కాపాడుకోబోయి ఆ గుర్తు చుట్టూ ఉన్న మంచిపేరునే ఎండగట్టుకుంది.

కేసు జెడ్ రాకాఫ్ అనే న్యాయమూర్తి ముందుకు వచ్చింది. 2008 మే 14న ఆయన ఇచ్చిన తీర్పులో ముఖ్యమైన అంశాలన్నీ రెడ్‌క్రాస్ వైపే మొగ్గాయి. చట్టం రెడ్‌క్రాస్‌కు గుర్తును వాడుకునే హక్కు ఇచ్చింది. ఆ వాడకం సేవ కోసమే ఉండాలి, అమ్మకానికి పనికిరాదు అని చట్టంలో ఎక్కడా గీత లేదు. సంస్థ ఆశయాలకు డబ్బు కావాలి కాబట్టి డబ్బు కోసం అమ్మడం కూడా ఆశయసాధనలోకే వస్తుంది. మా మాటల్లో చెప్పాలంటే తీర్పు సారం అది. ఆ తీర్పు వచ్చిన నెల రోజులకే రాజీ కుదిరింది. గెలుపు ఎటువైపో తెలిశాక కుదిరే రాజీలు ఎలా ఉంటాయో మన మునసబు కోర్టుల చుట్టూ తిరిగిన వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి తగాదా ఇదే మొదటిది కాదు. పాండా బొమ్మతో ఉండే వన్యప్రాణి సంస్థకూ, టీవీలో మన పిల్లలు కళ్లార్పకుండా చూసే అమెరికా కుస్తీ కంపెనీకీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అన్న మూడు అక్షరాల కోసం చాలాకాలం గొడవ నడిచింది. 1994లో ఇద్దరూ ఒప్పందం రాసుకున్నారు. కుస్తీ కంపెనీ దాన్ని మీరింది. ఇంగ్లండు కోర్టు ఒప్పందాన్నే నిలబెట్టింది. 2002లో కుస్తీ కంపెనీ పేరు డబ్ల్యూడబ్ల్యూఈగా మారిపోయింది. అక్కడ సేవాసంస్థ చేతిలో ఉన్న కాగితం గెలిచింది. ఇక్కడ కంపెనీ చేతిలో ఉన్న కాగితం గెలవలేదు. చదువరులు దీన్ని అన్యాయమనుకుంటే మేము కాదనలేము. కాకపోతే 1895 నాటి ఒప్పందం తరువాత ఒక దేశపు శాసనసభ చట్టం చేసింది. ఆ తేడా చిన్నది కాదు.

చట్టం సంగతి అలా ఉంచుదాం. మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది వేరొకటి. ఆ పది నెలలూ ఇద్దరూ ఈ గుర్తు నాదంటే నాదని వాదించుకున్నారు. ఆ గుర్తు అసలు ఎందుకు పుట్టిందో మాత్రం ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర ఒక్కరోజు యుద్ధంలో సుమారు 40 వేలమంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆ సాయంత్రం హెన్రీ డ్యునాంట్ అనే జెనీవా యువకుడు అటువైపు వచ్చాడు. వచ్చింది సేవకు కాదు. అల్జీరియాలో అతనికి ఒక వ్యాపారం ఉంది. పిండి మరలకు నీటి హక్కులు కావాలి. ఆ పని మీద ఫ్రాన్సు చక్రవర్తిని కలుసుకోవాలని వచ్చాడు. అంటే రెడ్‌క్రాస్ కథ కూడా ఒక వ్యాపారి లైసెన్సు కోసం పడిన తిప్పలతోనే మొదలైంది! గాయపడినవారు దగ్గరి ఊరి చర్చీల్లో, వీధుల్లో నీళ్లు అడిగే దిక్కులేక పడి ఉన్నారు. డ్యునాంట్ వచ్చిన పని మరిచిపోయాడు. ఊరి ఆడవారిని కూడగట్టి, ఎవరి సైనికుడన్న భేదం లేకుండా కట్లు కట్టించాడు. 1862లో దాన్ని పుస్తకంగా రాశాడు. 1863లో జెనీవాలో ఒక కమిటీ ఏర్పడింది. 1864 ఆగస్టులో మొదటి జెనీవా ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి.

డ్యునాంట్ భక్తిగల సంఘసభ్యుడు, జెనీవాలో వైఎంసీఏ స్థాపించినవారిలో ఒకడు. అయినా ఆ గుర్తును మన మతచిహ్నమని అనుకుంటే పొరపాటు. అది స్విట్జర్లాండు జెండాను తిరగేసినది. ఆ దేశం మీద గౌరవంతో రంగులు మార్చి తీసుకున్నారు. కానీ చూసేవారికి అది సిలువే కదా. 1876లో తురుష్కులు తమ సైన్యానికి ఎర్ర నెలవంకను ఎంచుకున్నారు. ఏ మతమూ స్ఫురించని ఎర్ర స్ఫటికం గుర్తును 2005లో ఒప్పుకున్నారు. 2007 జనవరిలో అది అమలులోకి వచ్చింది. ఎవరి మనసూ నొవ్వకుండా గాయపడినవాడి దగ్గరకు చేరడమెలా అని ప్రపంచ దేశాలు మూడో గుర్తును అమలులోకి తెచ్చుకున్న ఏడాదే, మొదటి గుర్తు కోసం ఒక కంపెనీ కోర్టుకెక్కింది.

యుద్ధంలో ఆ గుర్తు అలంకారం కాదు. తుపాకీ గురిపెట్టినవాడికి అది ఒక ఆజ్ఞ. ఈ బండిని కాల్చకు, ఈ గుడారం మీద బాంబు వేయకు, ఈ మనిషి చేతిలో కత్తి లేదు, కట్టుగుడ్డ ఉంది అని చెప్పడానికి వేరే భాష లేదు. చదువు రాని సిపాయికి కూడా దూరంనుంచి ఒక్క చూపులో తెలియాలి. తెలిస్తే చాలదు, నమ్మాలి. దువ్వెన మీదా గోళ్ల కత్తెర మీదా రోజూ చూసిన గుర్తును ఆ క్షణంలో అతను ఎంతవరకు నమ్ముతాడు? 1949 నాటి జెనీవా ఒప్పందం ఈ గుర్తును ప్రైవేటు వ్యక్తులూ కంపెనీలూ ఏ కాలంలోనూ వాడకూడదని చెప్పింది. అమెరికా మాత్రం తన పాత వాడకందార్ల కోసం మినహాయింపు పెట్టుకుని సంతకం చేసింది. విమానాల మీద, ఓడల మీద, బండ్ల మీద, భవనాల మీద వేయకూడదన్న షరతు ఒకటి పెట్టారులెండి. అంటే ప్రాణాలు కాపాడే గుర్తుగా పొరబడే చోట్ల మాత్రం వద్దన్నారు. ఆ మాత్రం వివేకం ఉన్నందుకు సంతోషమే.

కాబట్టి రెడ్‌క్రాస్‌ను కూడా మేము ఒక మాట అడగదలచుకున్నాం. మీకు హక్కు ఉందని కోర్టు చెప్పింది, ఒప్పుకున్నాం. ప్రథమ చికిత్స పెట్టె అమ్మడంలో అర్థం ఉంది. ప్రతి ఇంట్లోనూ అది ఉండాలన్నది మీ సేవలో భాగమే. తుపాను రాకముందే సిద్ధంగా ఉండమని సంచి అమ్మడమూ అంతే. కానీ పసిపిల్ల గోళ్ల కత్తెరకూ క్షతగాత్రుడికీ ఏమిటి సంబంధం? గుర్తును అద్దెకిచ్చి డబ్బు సంపాదించడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో చెప్పేది ఎవరు?

డబ్బు ఇబ్బంది నిజమేనని మాకూ తెలుసు. అయోవాలో, ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో 2008 జూన్‌లో వచ్చిన వరదలకు సాయం చేయడానికి అమెరికన్ రెడ్‌క్రాస్ అప్పు చేయవలసి వచ్చిందట. విపత్తుల నిధి ఖాళీ అయిపోయిందని వారే చెప్పారు. బర్మాలో నర్గీస్ తుపాను, చైనాలో సిచువాన్ భూకంపం అంతకుముందు నెలలోనే వచ్చాయి. జనం ఎంతని ఇస్తారు? పెద్ద వార్త అయిన విపత్తుకు డబ్బు కురుస్తుంది. వార్తకెక్కని వరదకు రాదు. అందుకే క్రమంగా ఆదాయం వచ్చే దారి వెతుక్కున్నారు. దాన్ని దురాశ అనలేము. మన ఆసుపత్రులూ అనాథాశ్రమాలూ నడిపేవారందరికీ ఈ బాధ అనుభవమే. సమరయుడి ఉపమానంలో పూటకూళ్లవాడికి కూడా రెండు దేనారాలు ముట్టాయి. సేవకు ఖర్చవుతుందని ప్రభువే గుర్తించాడు.

కానీ అప్పు చేసి వరద సాయం చేసిన సంస్థ, అదే సమయంలో లాయర్లకు ఎంత ఇచ్చిందో చెప్పాలి కదా. రాజీ షరతులు రహస్యమన్నారు. కంపెనీకి వాటాదారులు ఉన్నారు, వారి సంగతి వారు చూసుకుంటారు. సేవాసంస్థకు ఉన్నది దాతలు. పింఛను డబ్బులోంచి పది డాలర్లు పంపిన ముసలమ్మకు, తన సంస్థ ఏ మాటకు కట్టుబడి బయటపడిందో తెలుసుకునే హక్కు లేదా? 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత బాధితుల కోసమని జనం కోట్ల డాలర్లు ఇస్తే, అందులో కొంత ముందు ముందు అవసరాలకు దాచాలని ఇదే సంస్థ అనుకుంది. దాతలు భగ్గుమన్నారు. చివరకు మొత్తం బాధితులకే ఇస్తామని ఒప్పుకోవలసి వచ్చింది. ఆనాటి అధ్యక్షురాలు పదవి వదులుకున్నారు. ఈ రాజీ నాటికి ఆ పాఠం నేర్చుకుని ఏడేళ్లయినా కాలేదు. విశ్వాసులు ఒకరి మీద ఒకరు న్యాయస్థానాలకు ఎక్కడాన్ని పౌలు కొరింథు సంఘానికి తప్పుగా చూపించాడు. ఈ ఇద్దరూ ఒక సంఘం సభ్యులు కారు కాబట్టి ఆ మాట వారికి వర్తించదు. అయినా 1895లో ఒక గదిలో కూర్చుని తేల్చుకున్న సంగతిని 2007లో కూడా గదిలోనే తేల్చుకుని ఉంటే, ఎన్ని దుప్పట్లు మిగిలేవో అన్న ఆలోచన మమ్మల్ని వదలడం లేదు.

ఇంత దూరం అమెరికావారి సంగతి రాశాం. ఇక మన గడప.

మన దేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ఉంది. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎర్ర సిలువ గుర్తును ఏ పనికీ వాడకూడదని దాని 12వ సెక్షను చెబుతుంది. వాడితే రూ. 500 దాకా జరిమానా, గుర్తు వేసిన సరుకు జప్తు. ఆ చట్టం ఉందని ఎంతమందికి తెలుసు? విజయవాడలో గానీ వరంగల్‌లో గానీ ఒక వీధి నడిచి చూడండి. మందుల షాపు బోర్డు మీద ఎర్ర సిలువ. డాక్టరు గారి కారు అద్దం మీద ఎర్ర సిలువ. కాంపౌండరు మోటారు సైకిలు మీద, రక్తపరీక్షల ల్యాబు తలుపు మీద, ప్రైవేటు అంబులెన్సు నాలుగు వైపులా ఎర్ర సిలువే. డాక్టరు కారు మీద ఆ గుర్తు ఉంటే పోలీసు ఆపడన్న నమ్మకం కూడా ఉంది. బంద్ రోజుల్లో అది నిజంగానే పనిచేస్తుంది కూడా. ఆ గుర్తు డాక్టర్లకు సంబంధించినది కాదనీ, దయచేసి తీసేయమనీ ఇండియన్ రెడ్‌క్రాస్ ఎన్నిసార్లో విజ్ఞప్తి చేసింది. విన్నవారు తక్కువ.

దివిసీమ ఉప్పెన మన జ్ఞాపకంలో ఇంకా ఉంది. 1977 నవంబరు 19 రాత్రి తరువాత, బురదలోంచి శవాలు తీస్తున్న ఆ రోజుల్లో, ఆ గుర్తున్న బండి కనబడితే అన్నమో మందో వచ్చిందని అర్థం. కోస్తాలో ఇప్పటికీ తుపాను షెల్టర్ల గోడల మీద అది కనిపిస్తుంది. జిల్లా కేంద్రాల్లో రక్తం కోసం పరుగెత్తేవారు వెతికేదీ ఆ బోర్డునే. అంత నమ్మకం ఉన్న గుర్తును మన వీధిలోని ప్రతి దుకాణమూ ఉచితంగా వాడేసుకుంటోంది. జాన్సన్ అండ్ జాన్సన్ దగ్గర కనీసం క్లారా బార్టన్ సంతకం ఉంది. వీరి దగ్గర ఏముంది?

ఈ సంపాదకీయం రాస్తూ మేము ఒక పని చేశాం. మాకు బాగా తెలిసిన ఒక మిషను ఆసుపత్రికి ఫోన్ చేసి, గేటు మీద ఉన్న ఎర్ర సిలువకు అనుమతి ఉందా అని అడిగాం. అవతలి వైపు కొంచెంసేపు మౌనం. తరువాత ఆ పెద్దమనిషి నవ్వి, అది సిలువ కదండీ, మనది క్రైస్తవ ఆసుపత్రి కదా, దానికి అనుమతి ఎందుకు అన్నారు. సిలువకు అక్కరలేదు, తెల్లని నేపథ్యం మీద ఎర్ర రంగులో నాలుగు చేతులూ సమానంగా ఉన్న ఆ గుర్తుకు కావాలి అని చెప్పాం. పెయింటరు ఎప్పుడూ అలాగే వేస్తున్నాడట. వచ్చే క్రిస్మసుకు ఎలాగూ గేటుకు రంగులు వేయించాలి, అప్పుడు చూద్దాం అన్నారు.